రోజూ గడియారంతో పరిగెడితే పరుగు పెరగదు

సంపాదకుల వారికి నమస్కారం.

పదిహేను రోజుల కిందట మీ కొలువుల పేజీలో సైన్యం, పోలీసు ఉద్యోగాల పరుగు పరీక్ష గురించి ఒక వ్యాసం వచ్చింది. ఎత్తు, ఛాతీ కొలతలు, తీసుకెళ్లాల్సిన కాగితాలు అన్నీ చక్కగా ఇచ్చారు. మధ్యలో ఒక వాక్యం ఉంది: అభ్యర్థులు రోజూ ఉదయం 1600 మీటర్లు పూర్తి వేగంతో పరిగెత్తి, పట్టిన సమయం రాసుకోవాలి అని. ఆ పేజీని మా ఊరి కుర్రాళ్లు కత్తిరించి టీ కొట్టు గోడకు అంటించారు. అంటించిన వారం నుంచి నాకు పని పెరిగింది.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎంగా, అంటే ఊరి నర్సుగా పనిచేస్తున్నాను. పద్దెనిమిదేళ్ల సర్వీసు. ఇప్పుడు పొద్దున్నే తలుపు తీసేసరికి పిక్క పట్టేసిందని ఒకడు, వాంతి ఆగలేదని ఒకడు, ముంగాలి ఎముక వెంబడి పోటు పెడుతోందని ఇంకొకడు గుమ్మం ముందు ఉంటున్నారు. "మేడమ్, డైక్లో ఒకటి ఇవ్వండి" అంటారు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర సంగతి అది. దాని గురించి కింద రాస్తాను. ఈ ఉత్తరం పొడుగవుతుందని నాకు తెలుసు. కత్తిరించాల్సి వస్తే కత్తిరించండి, ఏమీ అనుకోను. ఆ మాత్ర సంగతి మాత్రం ఉంచండి.

ముందు మా తమ్ముడి కథ చెప్పాలి. సొంత తమ్ముడు కాదు, చిన్నాన్న కొడుకు. 2023లో అగ్నివీర్‌కి తయారయ్యేటప్పుడు వాడి టైమింగులన్నీ ఒక పాత క్యాలెండరు వెనక రాసుకునేవాడు. రామాలయం దగ్గర మొదలుపెట్టి పెద్ద కల్వర్టు దాకా వెళ్లి తిరిగి రావడం, అలా రెండుసార్లు. స్నేహితుడి బండి మీటరుతో కొలిచారట, సరిగ్గా 1600 మీటర్లు అన్నారు. రోజూ అదే దారి, రోజూ ప్రాణం పెట్టి పరుగు. ఆదివారం కూడా సెలవు లేదు. మొదటి నెలలో 5 నిమిషాల 38 సెకన్ల నుంచి 5:24కి దిగాడు. ఆ తర్వాత రెండు నెలలూ క్యాలెండరు వెనక అవే అంకెలు. 5:22, 5:25, 5:21, 5:27, 5:20, 5:24. "తగ్గట్లేదేటప్పా" అని నా దగ్గర గునిసేవాడు. అయినా 5:30 లోపే ఉన్నాను కదా అన్న ధైర్యంతో సైన్యం ఎంపికల ర్యాలీకి వెళ్లాడు. ఆ ర్యాలీలో 5:30 లోపు వస్తే 60 మార్కులు, 5:45 లోపు వస్తే 48. అది దాటితే సామాను సర్దుకోవడమే. వీడు సామాను సర్దుకుని వచ్చాడు.

నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. రైల్లో నిద్ర పట్టలేదన్నాడు, గుంపులో ఎవరో మోచేత్తో పొడిచారన్నాడు. నాకెందుకో ఆ బండి మీటరు మీద అనుమానం కలిగింది. మా గ్రామ సచివాలయంలో సర్వేయరు తెలిసిన అబ్బాయే. టేపు తెప్పించి రామాలయం నుంచి కల్వర్టు దాకా కొలిపించాను. 370 మీటర్లు వచ్చింది. నాలుగు 370లు 1480. అంటే మూడు నెలల పాటు 120 మీటర్లు తక్కువ పరిగెత్తి మురిసిపోయాడన్న మాట. వాడి 5:20ని పూర్తి 1600కి లెక్కగడితే 5:46 అవుతుంది. గుంపు, మోచేయి, నిద్ర అన్నీ పక్కన పెడితే, వాడు ఇంట్లో ఉండగానే ఒక్క సెకను తేడాతో తప్పాడు.

అందుకని కుర్రాళ్లకు నా మొదటి మాట: టేపు పెట్టి కొలవండి. బండి మీటరు వద్దు. కొబ్బరి చెట్ల కింద ఫోనులో చూపించే దూరాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. బడి మైదానంలో 200 మీటర్ల గుండ్రం ఒకటి కొలిచి సున్నంతో గీసుకుంటే ఎనిమిది చుట్లు 1600. అంత ఖర్చేమీ లేదు.

కొలత తప్పు ఒకటైతే, సాధన తప్పు ఇంకొకటి. అదే పెద్దది. వాడు మూడు నెలలు చేసింది సాధన కాదు, రోజూ పరీక్ష రాయడం. ఏడాది పొడుగునా రోజూ పబ్లిక్ పరీక్ష రాస్తూ, పాఠం ఎప్పుడూ చదవని పిల్లాడికి మార్కులు ఎలా పెరుగుతాయి?

నేను కోచ్‌ని కాదు. నాకు వచ్చింది నాడి పట్టుకోవడం. తర్వాత ఏడాది మళ్లీ మొదలుపెట్టినప్పుడు వాడితో పాటు నేనూ మైదానానికి వెళ్లాను, చేతి గడియారం పెట్టుకుని. పరుగు ఆపిన వెంటనే మణికట్టు పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాను. 188. అది గట్టి పరుగు అయితే ఒప్పుకుందును. వాడు దాన్ని "లైట్‌గా వార్మప్" అన్నాడు! ఆ వయసులో గుండె ఎంత గట్టిగా కొట్టుకున్నా నిమిషానికి ఇంచుమించు 200. అంటే వీడి తేలిక పరుగే పైకప్పుకు ఆనుకుని ఉంది. మర్నాటి నుంచి ఒకే నియమం పెట్టాను. పరిగెత్తేటప్పుడు పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, నాడి 150 దాటకూడదు. అలా చేస్తే కిలోమీటరుకు ఆరు నిమిషాలు పట్టింది. సైకిల్ మీద బడికెళ్లే పిల్లలు వెనక్కి తిరిగి నవ్వారు. వాడికి తల కొట్టేసినట్టయింది. "ఏటప్పా, ముసిలోల్ల పరుగు పెట్టించేస్తన్నావు నాసేత" అన్నాడు. మా పిన్ని అయితే నాకు పిచ్చి పట్టిందనే అనుకుంది. వీడు ఉద్యోగానికి తయారవుతున్నాడా, షుగరు తగ్గించుకుంటున్నాడా అని నన్నే అడిగింది.

ఇందులో కిటుకు ఏమిటంటే, 1600 మీటర్ల పరుగులో ఖర్చయ్యే శక్తిలో సుమారు ఐదింట నాలుగు పాళ్లు ఊపిరితో లోపలికి తీసుకునే ప్రాణవాయువు మీద నడిచేదే. మిగిలిన ఒక పాలే కండరం అప్పటికప్పుడు గాలితో పని లేకుండా పుట్టించుకునేది. ఐదు కిలోమీటర్లయితే ఈ ప్రాణవాయువు వాటా నూటికి తొంభై దాటుతుంది. మరి ఆ పెద్ద వాటాను పెంచేది ఏమిటి? తీరుబడిగా, ఎక్కువసేపు, వారాల తరబడి పరిగెత్తడం. అలా చేస్తే గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం తోస్తుంది. కాలి కండరాల్లో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు కొత్తవి అల్లుకుంటాయి. కణాల్లో శక్తి పుట్టించే పొయ్యిల్లాంటివి ఉంటాయి, మైటోకాండ్రియా అని ఇంటర్‌లో చదువుకున్నాం, అవి పెరుగుతాయి. ఇవేవీ వారంలో జరిగేవి కావు. రెండు మూడు నెలలు పడుతుంది. రోజూ ప్రాణం పెట్టి పరిగెత్తేవాడు ఆరు నిమిషాల్లో ఆపేస్తాడు, మిగతా రోజంతా అలిసిపోయి పడుకుంటాడు. మొదటి నెల కొంత తగ్గుతుంది, అక్కడితో ఆగుతుంది. మా వాడి క్యాలెండరే సాక్ష్యం.

ఇది నా సొంత కవిత్వం కాదు. రాత్రిళ్లు టీకాల రిజిస్టరు రాయడం అయ్యాక ఫోన్‌లో చదివేదాన్ని. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అని ఒకాయన, చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ముందు తన మీదే ప్రయోగాలు చేసుకుని, తర్వాత తన ఊరి కుర్రాళ్లను తయారుచేశాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు ఇద్దరు, పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బెర్గ్ 5000 మీటర్లలో, ఒకే రోజు బంగారు పతకాలు గెలిచారు. స్నెల్ పరిగెత్తాల్సింది రెండు నిమిషాలు కూడా పట్టని పందెం. అలాంటి వాడి చేత వారానికి 160 కిలోమీటర్లు పరిగెత్తించాడాయన. ముందు కొన్ని వారాలు దూరం, తర్వాత గుట్టల మీద ఎక్కుడు పరుగు, ఆఖర్న వేగం. పునాది, గోడలు, పైకప్పు అన్న వరస. మన కుర్రాళ్లు పైకప్పుతో మొదలుపెడుతున్నారు. ఈ మధ్య మేటి పరుగుగాళ్ల సాధన పుస్తకాలు పరిశీలించిన వాళ్లు కూడా, పది పాళ్లలో సుమారు ఎనిమిది పాళ్లు తేలిక పరుగే ఉంటుందని తేల్చారు.

160 కిలోమీటర్లని చదివి ఎవరూ రేపే బయలుదేరకండి. మా వాడు మొదటి వారం నాలుగు రోజులు, రోజుకు ఐదు కిలోమీటర్లు, మొత్తం 20. మూడో నెలకు వారానికి 45కి వచ్చాడు. ఊపిరి త్వరగా అలవాటు పడుతుంది, ఎముకకు ఆలస్యం. ఊపిరి చాలుతోంది కదా అని దూరం పెంచేసిన వాళ్లే ముంగాలి పోటుతో నా దగ్గరకు వస్తున్నారు.

మొదటి రెండు నెలలు గడియారం చూడనివ్వలేదు. తేలిక పరుగు అయ్యాక వారంలో రెండు రోజులు మాత్రం ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా, ఊపుగా, కానీ మొహం బిగపట్టకుండా, ఆరుసార్లు. మధ్యలో నడిచి వెనక్కి రావడం. వేగం మరిచిపోకుండా కాళ్లకు గుర్తు చేయడం, అంతే. కొన్నాళ్లు విసుగొస్తే ఆ కల్వర్టు దాకా వేగం, ఆ జీడితోట దాకా నెమ్మది, మళ్లీ ఆ గుడి దాకా వేగం అని ఆటలా ఆడించాను. స్వీడన్ వాళ్లు దీన్నే ఫార్ట్‌లెక్ అంటారు, వేగంతో ఆట అని అర్థమట. ఆదివారం మాత్రం తోటల మధ్య మట్టిదారిన సముద్రం దాకా వెళ్లి రావడం, పన్నెండు పదమూడు కిలోమీటర్లు, మాటలు చెప్పుకుంటూ. తీరం వెంబడి ఎక్కువ దూరం పరిగెత్తొద్దన్నాను. అక్కడ ఇసుక ఒక పక్కకు వాలి ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడి చీలమండ పాడవుతుంది.

ఇంకో చిన్న అలవాటు చేశాను. పొద్దున లేవగానే, మంచం దిగకముందే, నాడి నిమిషం పాటు లెక్కపెట్టి అదే క్యాలెండరు వెనక రాయమన్నాను. మొదట్లో 72 ఉండేది. నాలుగు నెలలకు 58. గుండె తక్కువ కొట్లతో ఎక్కువ పని చేస్తోందనడానికి అంతకన్నా గుర్తు ఏం కావాలి? ఒక రోజు 58 ఉండాల్సింది 68 ఉందనుకోండి, రాత్రి నిద్ర చాల్లేదనో, జ్వరం రాబోతోందనో, నిన్నటి అలసట తీరలేదనో అర్థం. ఆ రోజు పరుగు మానేయడమే. అంతకు ముందు "ఒక్క రోజు మానితే వెనకబడిపోతాను" అని భయపడేవాడు. వాడికి రోజర్ బానిస్టర్ సంగతి చెప్పాను. 1954లో మైలు దూరాన్ని నాలుగు నిమిషాల్లోపు మొదటిసారి పరిగెత్తిన మనిషి, అప్పటికి డాక్టరీ చదువుతున్నాడు. పావుమైలు చొప్పున పదిసార్లు పరిగెత్తే సాధనలో ఒక్కొక్కటి 61 సెకన్ల దగ్గర ఆగిపోయాడు, ఎంత తన్నుకున్నా తగ్గలేదు. విసుగెత్తి స్నేహితుడితో స్కాట్లాండ్ కొండలెక్కడానికి వెళ్లిపోయాడు. కొన్ని రోజులు పరుగే లేదు. తిరిగొచ్చి పరిగెడితే 59కి వచ్చేశాయి. ఆ మే 6న 3 నిమిషాల 59.4 సెకన్లు. విశ్రాంతిలోనే ఒళ్లు కట్టుకుంటుంది, పరుగులో కాదు. జ్వరం తగ్గిన మర్నాడే మనిషిని కోతకు పంపం కదా.

మూడో నెల నుంచి గడియారం బయటికి తీశాం. 5:30 అంటే 330 సెకన్లు, 400 మీటర్ల చుట్టుకు ఎనభై రెండున్నర. మంగళవారం ఒక 400ని 82లో పరిగెత్తి, మూడు నిమిషాలు నడుస్తూ తేరుకుని, మళ్లీ. మొదట నాలుగు, తర్వాత ఆరు, ఆఖరుకు ఎనిమిది. తేరుకునే సమయాన్ని మెల్లగా రెండు నిమిషాలకు దించాం. షరతు ఏమిటంటే మొదటిదీ ఆఖరుదీ ఒకే టైమ్‌లో ఉండాలి. మొదటిది 74లో కొట్టి ఆఖరుది 91కి పడితే అది వీరత్వం, సాధన కాదు. ఇలా ముక్కలు ముక్కలుగా పరిగెత్తడాన్ని చెకోస్లొవేకియా సైనికుడు ఎమిల్ జాటోపెక్ పరాకాష్ఠకు తీసుకెళ్లాడు. ఒకే రోజు పదుల సంఖ్యలో 400లు పరిగెత్తేవాడు, మధ్యలో 200 మీటర్లు నెమ్మదిగా. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5000, 10000 గెలిచి, అంతకు ముందు ఎన్నడూ పరిగెత్తని మారథాన్ కూడా గెలిచాడు. ఆయన్ను చూసి వాతలు పెట్టుకోవద్దు. మనకు వారానికి ఒక్కరోజు చాలు.

శుక్రవారం ఇంకో రకం. ఇరవై నిమిషాలు ఆగకుండా, మాట్లాడితే మూడు నాలుగు పదాలు మాత్రమే వచ్చేంత వేగం. కష్టంగా ఉండాలి, కానీ ఇంకో అరగంట పరిగెత్తమంటే పరిగెత్తగలను అనిపించాలి. నాకు తెలిసి మన కుర్రాళ్లెవరూ చేయని పరుగు ఇదే. వాళ్లకు నడకా తెలుసు, చావు పరుగూ తెలుసు, మధ్యలోది తెలియదు. మిగతా రోజులు తేలిక పరుగు, సోమవారం సెలవు. అసలు 1600 మీటర్లు గట్టిగా పరిగెత్తి చూసుకున్నది నెలకు ఒక్కసారి. 5:46 నుంచి 5:39, తర్వాత 5:33, తర్వాత 5:28.

ర్యాలీలో ఎలా పరిగెత్తాలన్నది కూడా నేర్చుకోవాల్సిందే. విజిల్ పడగానే గుంపంతా సింహాచలం కొండ దిగినట్టు దూకుతుంది. మొదటి చుట్టు 70 సెకన్లలో వెళ్లినవాడు మూడో చుట్టులో నడుస్తాడు. మొదటి చుట్టు 82 దాటినా ఫర్వాలేదు, వెనక ఉన్నా ఫర్వాలేదు అని మనసుకు నచ్చజెప్పుకోవాలి. అది కాళ్ల కన్నా కష్టం. ఇంకోటి, లోపలి గీత. మలుపులో ఒక లేను బయటగా పరిగెడితే చుట్టుకు ఏడున్నర మీటర్లు ఎక్కువ పడుతుంది. నాలుగు చుట్లకు 30 మీటర్లు, అంటే ఆరు సెకన్లు. ఆరు సెకన్ల కోసం ఎన్ని నెలలు చెమట కారుస్తారో ఆలోచించండి. దాటాలంటే తిన్నగా ఉన్న చోట దాటాలి, మలుపులో కాదు.

మా మండలాల్లో ఉక్కపోత గురించి చెప్పక్కర్లేదు. మే నెలలో తెల్లవారుజామున కూడా చొక్కా పిండితే నీళ్లు కారతాయి. అదే వేగానికి నాడి పది పైన కొట్టుకుంటుంది, అప్పుడు వేగం తగ్గించుకోవాలి తప్ప గడియారంతో పంతం పట్టకూడదు. నీళ్లు, కొబ్బరి బొండాం, లేదా నా సంచిలో ఉండే ఓఆర్ఎస్ ప్యాకెట్టు. తిండికి చోడి (రాగి) అంబలి, గుడ్డు, పప్పు. డబ్బాల్లో అమ్మే పొడుల మీద తండ్రి కష్టార్జితం తగలెయ్యొద్దు.

ఇక మాత్ర సంగతి.

ర్యాలీకి ముందు రోజు రాత్రి, పొద్దున, మళ్లీ పరుగు ముందు అని నొప్పి మాత్రలు మింగుతున్నారు. కొందరు సూది కూడా వేయించుకుంటున్నారు. పరుగులో చెమట పోయి ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం తగ్గుతుంది. ఆ సమయంలో మిగిలిన కాస్త రక్తప్రవాహాన్ని కాపాడే ఏర్పాటు ఒకటి ఒంట్లోనే ఉంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి మాత్రలు సరిగ్గా దాన్నే మూసేస్తాయి. వేరే ఊళ్లలో అయితే ఏమో, ఇది ఉద్దానం. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో ఎన్నేళ్లుగా ఎందరు వచ్చి పరీక్షించినా పూర్తిగా తేలలేదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు మా ఊళ్లో వీధికొకరున్నారు. తండ్రిని డయాలసిస్‌కి దింపి వచ్చి, అదే పొద్దు మాత్ర మింగి పరిగెత్తిన కుర్రాడిని నేను చూశాను. వాడిని తిట్టాను. తిట్టాక ఇంటికొచ్చి ఏడ్చాను. ఇక్కడి పిల్లలు సాధన మొదలుపెట్టే ముందు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒకటి చేయించుకోవాలి. నొప్పి ఉంటే పరుగు ఆపాలి, నొప్పిని దాచి పరిగెత్తకూడదు. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా, ఇంట్లో చిన్న వయసులో గుండెతో పోయినవాళ్లున్నా డాక్టరుకు చూపించుకోకుండా మైదానంలోకి దిగొద్దు. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగాలకు గంటలో 10 కిలోమీటర్లు పరిగెత్తమంటే పది మందికి పైగా కుర్రాళ్లు చనిపోయారు. పేపర్లో చదివి మర్చిపోయాం.

ఆడపిల్లల విషయం వేరేగా రాయాలి, ఎందుకంటే మీ వ్యాసంలో వాళ్లకు రెండు వరుసలే దక్కాయి. నేను కూడా ఒకప్పుడు పరిగెత్తిన దాన్నే. ఇంటర్‌లో 1500 మీటర్లు. జిల్లా పోటీల్లో మూడో చుట్టులో కళ్లు చీకట్లు కమ్మి పడిపోయాను. "దీనికి గుండె ధైర్యం లేదు" అన్నారు. నేనూ అదే నమ్మి మానేశాను. తర్వాత ఏఎన్ఎం ట్రైనింగులో మొదటి నెలలో ఒకరి రక్తం ఒకరం పరీక్ష చేసుకుంటుంటే నా హిమోగ్లోబిన్ 8.4 అని తేలింది. పన్నెండు ఉండాలి. ప్రాణవాయువు మోసే బండ్లలో ఇంచుమించు మూడో వంతు లేకుండా నేను పందానికి దిగానన్న మాట. ధైర్యం ఉండే ఉంటుంది, ఇనుమే లేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది.

మా అన్న కూతురు ఎస్ఎస్‌సీ జీడీ పరీక్షకు, అంటే కేంద్ర బలగాల కానిస్టేబుల్ ఉద్యోగాల పరీక్షకు తయారవుతోంది. ఆడపిల్లలకు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో, మగపిల్లలకు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో. "ఎంత పరిగెత్తినా తొమ్మిది దిగట్లేదత్తా" అంటే ముందు వేలికి సూది పొడిచి చూశాను. 9.6. పరుగు తగ్గించి, మూడు నెలలు ఐరన్ మాత్రలు వేయించాను. ఉపకేంద్రంలో ఉచితంగా ఇస్తాం. టీతో వేసుకోకూడదు, భోజనమయ్యాక నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఒంటికి పడుతుంది. మునగాకు, చిన్న చేపలు పెట్టమని వదినకు చెప్పాను. హిమోగ్లోబిన్ 11.8కి వచ్చాక, పెద్దగా సాధన మార్చకుండానే 8:20 వచ్చింది. పిల్ల ఏడ్చేసింది. నాకు పాతికేళ్ల కిందటి ఆ మూడో చుట్టు గుర్తొచ్చింది.

తమ్ముడి సంగతి మధ్యలో వదిలేశాను. 2024 ర్యాలీలో 5:26 పరిగెత్తాడు. 60కి 60. ఊళ్లో స్వీట్లు పంచారు. పదిహేను రోజులకు వైద్య పరీక్షలో పోయాడు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియదట. చుక్కల పుస్తకంలో అంకె చదవలేకపోయాడు. నెలల తరబడి పరిగెత్తించిన నేను, ఊరందరి కళ్లూ చూసే నేను, ఇంట్లోవాడికి ఐదు నిమిషాల పరీక్ష ముందే చేయించలేదు. ఇది ఎవరి మీదా తోసేది కాదు, నాదే తప్పు. మీ పేజీలో సాధన సూచనలన్నిటికన్నా ముందు ఇది వేయండి: రంగుల పరీక్ష, చెవులు, పళ్లు, మోకాళ్లు, ఇవి ముందు చూపించుకుని తర్వాతే పరుగు మొదలుపెట్టమనండి. వాడిప్పుడు పలాసలో జీడిపప్పు పనికి వెళ్తున్నాడు. పొద్దున మాత్రం ఊరి కుర్రాళ్లతో పరిగెడుతున్నాడు. వాళ్లను నెమ్మదిగా పరిగెత్తించడానికి వాడు పడే పాట్లు చూస్తే నాకు నవ్వొస్తుంది. "నాను సెప్తే ఇనరేటప్పా" అంటాడు.

ఆఖరుగా ఒక విన్నపం, ఇది పత్రిక ద్వారా అయితేనే కదులుతుందని రాస్తున్నాను. మా ఊరి కుర్రాళ్లు చీకట్లో జాతీయ రహదారి అంచున పరిగెడుతున్నారు, లారీలు చెవుల పక్కనుంచి పోతుంటే. ఆడపిల్లలకు ఆ దారి కూడా లేదు. అమ్మలు తోడొస్తే వీధిలో, లేకపోతే డాబా మీద. ఊళ్లో బడికి మంచి మైదానం ఉంది. మేం టేపుతో కొలిచి గీసిన 200 మీటర్ల గుండ్రం మొన్నటి వానకు చెరిగిపోయింది. మళ్లీ గీద్దామంటే గేటుకు తాళం. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందంటే ఒకరు ఇంకొకరి పేరు చెప్తున్నారు. పొద్దున ఐదు నుంచి ఏడు వరకు ఆ గేటు తీసి ఉంచితే చాలు. ఊడవడం మేమే చూసుకుంటాం, సున్నం బస్తా కూడా మేమే కొని పెట్టుకున్నాం. మా ఉపకేంద్రం వరండాలో ఉంది.

ఇట్లు,
ఒక ఏఎన్ఎం,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా
(ప్రభుత్వ ఉద్యోగిని. పేరు ప్రచురించవద్దని మనవి.)